చేతిలో రసీదు: మహానగరంలో పేదల హక్కులు
(ఎస్.ఆర్. శంకరన్ స్మారకోపన్యాసం – ముద్రిత పాఠం)



2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్న మనిషి శంకరన్ గారు. అలాంటి మనిషి పేరు మీద జరిగే సభలో గంటసేపు పొగిడి కూర్చోవడం ఆయనకు తగిన నివాళి అనిపించుకోదు. ఆయన జీవితమంతా చేసిన పనిలో ఒక్క పోగును పట్టుకుని, ఇవాళ్టి మన నగరం దాకా దాన్ని లాక్కురావాలని నా ప్రయత్నం.

ఆ పోగు ఎక్కడిదో ముందు చెబుతాను. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. ఢిల్లీలో చట్టం అయింది. కానీ తాత చేసిన అప్పుకు మనవడు పశువుల కొట్టంలో పనిచేస్తున్న ఊళ్లో ఆ సంగతి ఎవరికి తెలుసు? తెలిసినా దొరను కాదని ఎవరు బయటికి రాగలరు? ఎవరో ఒక అధికారి ఆ ఊరికి వెళ్లాలి. కూలీని గుర్తించాలి. నీ అప్పు రద్దయిందని అందరి ముందూ చెప్పాలి. పేరు రాసి, సంతకం పెట్టి, విముక్తి పత్రం అతని చేతిలో పెట్టాలి. ఆ కాగితం లేకపోతే పునరావాసం లేదు. రేపు దొర మనుషులు వచ్చి పట్టుకుపోతే చూపించడానికి ఏమీ లేదు. సాంఘిక సంక్షేమ శాఖలో ఉండి శంకరన్ గారు ఈ పనిని ప్రభుత్వ యంత్రాంగం చేత చేయించారు. తర్వాత త్రిపురలో ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. కేంద్రంలో గ్రామీణాభివృద్ధి కార్యదర్శి అయ్యారు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన ఇద్దరు కమిషనర్లలో ఒకరయ్యారు. సఫాయి కర్మచారుల ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచి, 2010 అక్టోబరు 7న కన్నుమూశారు. ఎక్కడున్నా ఆయన పని ఒక్కటే: చట్టంలో ఉన్నదాన్ని మనిషి చేతికి అందించడం.

నేను చెప్పదలచుకున్నదీ అదే. పేదవాళ్ల నోటిమాటను ప్రభుత్వం ఎప్పుడైతే తీసుకుని, తేదీ వేసి, నంబరు వేసి, ముద్ర కొట్టి తిరిగి వాళ్ల చేతికిస్తుందో అప్పటినుంచే హక్కు మొదలవుతుంది. అప్పటిదాకా జరిగేదంతా బతిమాలుకోవడమే. కాబట్టి మహానగరంలో న్యాయం గురించి మాట్లాడాలంటే ఆ కాగితం గురించీ, ఆ కాగితం ఇవ్వవలసిన కిటికీ గురించీ మాట్లాడాలి.

ఏ కిటికీ దగ్గరికి?

పల్లెలో ప్రభుత్వానికి ఒక ముఖం ఉంటుంది. పంచాయతీ కార్యదర్శి ఎవరో, రేషన్ డీలర్ ఎవరో, తహసీల్దారు కచేరి ఎటువైపో అందరికీ తెలుసు. అక్కడ అన్యాయం జరగదని కాదు, చాలా జరుగుతుంది. కానీ ఎవరిని అడగాలో తెలుసు. నగరంలో ఆ ఒక్కటీ పోతుంది.

హైదరాబాదులో ఒక బస్తీని తీసుకోండి. నల్లా నీళ్లు, మురుగుకాల్వ జలమండలివి. చెత్త, వీధిదీపం కార్పొరేషన్‌వి. ఆ దీపం ఉన్న స్తంభానికి వచ్చే కరెంటు విద్యుత్ పంపిణీ సంస్థది. బిడ్డ పుడితే జనన ధ్రువపత్రం కార్పొరేషన్ ఇస్తుంది. అదే బిడ్డ బడికెళ్లే వయసుకొస్తే కుల, ఆదాయ పత్రాలు తహసీల్దారు ఇవ్వాలి. రేషన్ కార్డు పౌరసరఫరాల శాఖది. బస్తీ నేల ఎవరిదన్న ప్రశ్న వస్తే కలెక్టరు దగ్గరికి పోవాలి. 2007లో పాత నగరపాలక సంస్థలో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలనూ 8 పంచాయతీలనూ కలిపి మహానగర పాలక సంస్థ చేశారు. జిల్లాల హద్దు ఒకటి, కార్పొరేషన్ హద్దు ఇంకొకటి, పోలీసు కమిషనరేట్ హద్దు మరొకటి. ఒకే రోడ్డుకు ఇటు ఒక స్టేషన్, అటు ఇంకో స్టేషన్.

చదువుకున్నవాళ్లకు ఇది చిరాకు. రోజుకూలికి ఇది నష్టం. ఒక పూట ఆఫీసుకు పోతే ఆ పూట కూలి పోతుంది. కిటికీ దగ్గర 'ఇది మా పరిధి కాదు' అన్న మాట వింటే ఇంకో పూట కూలి పోతుంది. మూడోసారి పనిమనిషి పోనంటుంది, అడ్డా కూలీ పోనంటాడు. హక్కు వదిలేసుకున్నారని లెక్కల్లో ఎక్కడా రాయరు. అసలు అడగనే లేదని రాస్తారు. ఆ ఖాళీలోనే దళారీ పుడతాడు. అతను అమ్మేది ఏ కిటికీయో చెప్పే సమాచారం. ప్రభుత్వం ఉచితంగా చెప్పవలసిన దాన్నే అతను డబ్బుకు చెబుతున్నాడు.

చట్టంలోనే ఉన్న కాగితం

మన చట్టాలను ఓపికగా చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. పేదల కోసం రాసిన మంచి చట్టాలన్నీ వాళ్ల చేతికి ఒక కాగితం ఇమ్మంటాయి. నాలుగు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది తోపుడుబండి. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేసి, అందులో తేలినవాళ్లకు ధ్రువపత్రం ఇవ్వాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఖాళీ చేయించవలసి వస్తే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. సరుకు జప్తు చేస్తే ఏమేం తీసుకున్నారో జాబితా రాసి, సంతకం పెట్టి, ఒక ప్రతి ఆ వ్యాపారికి ఇవ్వాలి. విడిపించుకోవడానికి అర్జీ పెట్టుకుంటే, కుళ్లిపోయే సరుకును అదే రోజు, మిగతా సరుకును రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. టమాటాల బండి లారీ ఎక్కుతున్నప్పుడు 'జాబితా ఇవ్వండి సార్' అని అడగగలిగిన మనిషికీ అడగలేని మనిషికీ మధ్య ఉన్న తేడా ఒక రోజు పెట్టుబడి. చాలామందికి ఆ పెట్టుబడి రోజువారీ వడ్డీకి తెచ్చిన అప్పు.

రెండోది పోలీసు స్టేషన్. పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరం జరిగిందని సమాచారం వస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఇంకో అడుగు వేసి, నేరం ఏ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలంది. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. ఆ ప్రతిని ఫిర్యాదుదారుకు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు నమోదు చేయనంటే పై అధికారికి రాయవచ్చు, ఆయనా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. రోడ్డుకు అటువైపు స్టేషన్‌కు పొమ్మనడానికి ఇప్పుడు చట్టంలో చోటు లేదు.

మూడోది కరెంటు. బిల్లు కట్టలేదని తీగ కోయాలంటే 15 పూర్తి రోజులు గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసివ్వాలని 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ చెబుతుంది. నోటీసు లేకుండా చీకట్లో కూర్చోబెట్టే అధికారం ఎవరికీ లేదు.

నాలుగోది అన్నిటికంటే విలువైనది. సమాచార హక్కు చట్టం 2005. 30 రోజుల్లో జవాబు, మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటల్లో జవాబు అన్నది చాలామందికి తెలుసు. అంతగా తెలియని రెండు సంగతులు అందులో ఉన్నాయి. అర్జీ రాయలేని మనిషి వచ్చి నోటితో అడిగితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయపడడం ఆ అధికారి విధి. ఇక అర్జీ పొరపాటున వేరే ఆఫీసుకు వస్తే, దాన్ని సరైన ఆఫీసుకు 5 రోజుల్లో వాళ్లే పంపించి, పంపించామని అర్జీదారుకు తెలియజేయాలి. 'మా పరిధి కాదు' అన్న మాటకు మన దేశంలో ఇంత చక్కని జవాబు ఇంకే చట్టంలోనూ నేను చూడలేదు. సరైన కిటికీ వెతుక్కునే భారాన్ని మనిషి నెత్తి మీద నుంచి తీసి ఆఫీసు నెత్తి మీద పెట్టింది ఈ చట్టం. సమాచారం అడిగే అర్జీకి ఉన్న ఈ మర్యాద పింఛను అడిగే అర్జీకి ఎందుకు ఉండకూడదు?

చెప్పవలసింది ఎవరు?

ఇక్కడ ఒక వాదన వస్తుంది. 'చట్టం తెలియదనడం చెల్లదు. తెలుసుకోవలసింది పౌరులే' అంటారు. శిక్ష వేసేటప్పుడు ఆ సూత్రం పనికొస్తుందేమో. హక్కు ఇచ్చేటప్పుడు దాన్ని వాడడం అన్యాయమని మన సుప్రీంకోర్టే తేల్చింది.

1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు. బీహారు జైళ్లలో విచారణే లేకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్న మనుషుల కథ. పేదవాడికి ఉచిత న్యాయ సహాయం అందించడం జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. 1980లో భాగల్‌పూర్ అంధుల కేసులో, నీకు ఉచితంగా లాయరు దొరుకుతాడని ముద్దాయికి మేజిస్ట్రేటు చెప్పాలంది. 1986లో సుక్‌దాస్ కేసు వచ్చింది. అరుణాచల్ ప్రదేశ్‌లో ఒక ప్రభుత్వోద్యోగికి లాయరు లేకుండానే శిక్ష పడింది. అతను లాయరు కావాలని అడగలేదు కదా అన్నారు. అడగవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు కదా అని సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అడగలేదు కాబట్టి హక్కు పోదు. చెప్పకపోవడం ప్రభుత్వం తప్పు. జైలు కేసులో పుట్టిన ఈ సూత్రాన్ని రేషన్ షాపుకూ, ఆస్పత్రికీ, బడికీ తీసుకురావలసిన పని ఇంకా మిగిలే ఉంది.

ఉచిత న్యాయ సహాయానికి పెద్ద యంత్రాంగమే ఉంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. ఈ చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. దళితులకు, ఆదివాసులకు, పిల్లలకు, వికలాంగులకు, కార్మికులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు కూడా అంతే. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. భర్త కొడుతున్నాడని పోలీసు స్టేషన్ మెట్ల మీద కూర్చున్న ఇల్లాలికి ఈ నంబరు తెలియాలి. పుట్టింటివాళ్ల దగ్గర డబ్బు ఉందా లేదా అని ఎవరూ అడగరని తెలియాలి.

ఇదే చట్టం కింద శాశ్వత లోక్ అదాలత్‌లున్నాయి. నీళ్లు, కరెంటు, పారిశుద్ధ్యం, ఆస్పత్రి, బీమా వంటి సేవల మీద వివాదం ఉంటే కోర్టుకెక్కకముందే అక్కడికి వెళ్లవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదరకపోతే, నేరానికి సంబంధించని వ్యవహారాల్లో, కోటి రూపాయల లోపు విషయాన్ని అదే తేల్చి తీర్పు ఇవ్వగలదు. మురుగునీళ్లు కలిసిన నల్లాతో ఏళ్లుగా అవస్థ పడుతున్న ఎన్ని బస్తీలకు ఈ తలుపు ఉందని తెలుసు?

వచ్చినవాళ్ల నగరం

హైదరాబాదును కట్టినవాళ్లలో, కడుతున్నవాళ్లలో ఎన్నో భాషలవాళ్లున్నారని మేస్త్రీ గుంపుల మధ్య నిలబడితే తెలుస్తుంది. ఒడిశా నుంచి, బీహారు నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు మన మెట్రోనూ మన అపార్టుమెంట్లనూ కట్టారు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలూ రోడ్లూ వేసినప్పుడు పరాయి భాషలో కిటికీ ముందు ఎలా నిలబడ్డారో మనకు తెలియనిది కాదు. ఆ అవమానం తెలిసిన సమాజం ఇంకొకరిని అలా నిలబెట్టకూడదు.

వీళ్లకు చట్టం కొన్ని తలుపులు తెరిచి ఉంచింది. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పద్ధతిలో ఏ రాష్ట్రం కార్డుతోనైనా ఇక్కడి షాపులో బియ్యం తీసుకోవచ్చు. 2019లో దీన్ని తొలిసారి పరీక్షించిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒక జంట. కొవిడ్ కష్టకాలం తర్వాత, 2021 జూన్‌లో, దేశమంతా దీన్ని అమలు చేసి తీరాలని సుప్రీంకోర్టు గడువు పెట్టింది. బడి సంగతి కూడా అంతే. వయసు ధ్రువపత్రం లేదని ఏ బిడ్డనూ చేర్చుకోకుండా తిప్పి పంపకూడదనీ, పాత బడి టీసీ రాలేదని ఆపకూడదనీ విద్యా హక్కు చట్టం చెబుతుంది. కట్టడం పూర్తయిన ప్రతిసారీ ఇల్లు మారే కూలీల పిల్లలకు ఈ రెండు మాటలు చదువంత విలువైనవి.

ఏ ఊరివాళ్లైనా సరే, దెబ్బ తగిలి రోడ్డు మీద పడిన మనిషిని ముందు బతికించాలి, కాగితాలు తర్వాత చూసుకోవాలని 1989లో పరమానంద్ కటారా కేసులో కోర్టు చెప్పింది. ఆ బాధ్యత ప్రభుత్వ డాక్టరుకూ ప్రైవేటు డాక్టరుకూ సమానం. మన నగరంలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. జ్వరానికీ బీపీకీ ఉస్మానియా దాకా పోకుండా వీధి చివరే చూపించుకునే వీలు దొరికింది. సేవ ఇంటి దగ్గరికి వస్తే మనుషులు దాన్ని వాడుకుంటారు. బస్తీ దవాఖానా ఉన్నట్టే బస్తీకొక న్యాయ సహాయ కేంద్రం ఎందుకు ఉండకూడదని నేను అడుగుతున్నాను.

యంత్రం ముందు మనిషి

ప్రభుత్వ సేవలను ఒకే చోటికి తేవడంలో మన తెలుగువాళ్లం ఒకప్పుడు దేశానికి దారి చూపాం. 1999లో ట్విన్స్ పేరుతో ప్రయోగంగా మొదలైన పద్ధతి 2001లో ఈ-సేవ అయింది. ఒకే కౌంటరులో కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను కట్టడం అప్పట్లో పెద్ద వింత. 2011లో మీసేవ వచ్చి ధ్రువపత్రాలను కూడా అక్కడికే తెచ్చింది. చేతికి నంబరున్న రసీదు వచ్చింది. ఆ మేలును తక్కువ చేయకూడదు.

కానీ యంత్రం తోడుగా ఉన్నంతవరకే మేలు. మనిషికి బదులు యంత్రం కూర్చుంటే చిక్కు మొదలవుతుంది. బట్టలు ఉతికీ ఇటుకలు మోసీ అరిగిపోయిన వేలికి రేషన్ షాపులోని ఈ-పోస్ యంత్రంలో ముద్ర పడదు. ఓటీపీ కొడుకు ఫోనుకు వెళుతుంది. కొడుకు సూరత్‌లో ఉంటాడు. తెర మీద 'తిరస్కరించబడింది' అని వస్తుంది. ఎవరు తిరస్కరించారో, ఎందుకు తిరస్కరించారో ఉండదు. కాగితం మీద కాదన్న అధికారి సంతకం ఉండేది. తెర మీద కాదన్నవాడికి పేరే లేదు. కాబట్టి కాదన్న ప్రతి జవాబూ కారణంతో, అధికారి పేరుతో, ఎక్కడ అప్పీలు చేసుకోవాలో చెబుతూ, తెలుగులోనూ ఉర్దూలోనూ మనిషి చేతికి రావాలి. ఈ రెండూ తెలంగాణ అధికార భాషలు. పేదలకు జవాబు చెప్పేటప్పుడే అవి ఎక్కువ అవసరం.

మ్యాన్‌హోల్ దగ్గర

శంకరన్ గారి సభలో సఫాయి కార్మికుల మాట రాకుండా ముగించలేను. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని మురుగుగుంతలోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా మనుషులు దిగుతున్నారు, చనిపోతున్నారు. 1993 తర్వాత మురుగుకాల్వల్లో చనిపోయిన ప్రతి కార్మికుడి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ తీర్పు గురించి ఆ కుటుంబానికి ఎవరు చెప్పాలి? చాలాచోట్ల శవం ఇంటికొచ్చిన రాత్రే కాంట్రాక్టరు మనిషి కొంత డబ్బు పట్టుకుని వస్తాడు. తెల్ల కాగితం మీద వేలిముద్ర అడుగుతాడు. చూడండి, ఇక్కడా ఒక కాగితమే. ప్రభుత్వం ఇవ్వవలసిన కాగితం ఆలస్యమైతే, హక్కును మాఫీ చేయించుకునే కాగితం ముందు వస్తుంది. ఆ రాత్రి ఆ ఇంటికి మొదట వెళ్లవలసినవాళ్లు న్యాయ సేవాధికార సంస్థ మనుషులు.

చేయవలసినవి

నేను కోరేవి నాలుగు. మొదటిది, ఏ ఆఫీసు కిటికీలో ఏ అర్జీ ఇచ్చినా తేదీ, నంబరు, గడువు ఉన్న రసీదు ఇచ్చి తీరాలి. ఇది దయ మీద నడవకూడదు, చట్టం మీద నడవాలి. సేవల హామీ చట్టాన్ని 2010లో మధ్యప్రదేశ్ తెచ్చింది. కర్ణాటక 2011లో 'సకాల' పేరుతో తెచ్చిన చట్టంలో గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా అర్జీదారుకు పరిహారం వస్తుంది. మొత్తం చిన్నదే. అయినా ఆలస్యానికి ప్రభుత్వం పౌరులకు బాకీ పడుతుందని ఒప్పుకోవడం పెద్ద విషయం. రెండోది, తప్పు కిటికీకి వచ్చిన అర్జీని 5 రోజుల్లో సరైన చోటికి పంపే నియమం సమాచార హక్కుకే పరిమితం కాకుండా అన్ని అర్జీలకూ వర్తించాలి. మూడోది, ప్రతి వార్డు ఆఫీసులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా తెలిసిన ఒక మనిషి కూర్చుని అర్జీలు రాసిపెట్టాలి. నాలుగోది, కాదన్న జవాబు కారణం లేకుండా చెల్లకూడదు.

ఇవన్నీ ప్రభుత్వం చేయవలసినవి. అది చేసేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. సోమవారం సోమవారం కలెక్టరేట్లలో ప్రజావాణి జరుగుతుంది. ఆ వరండాల్లో అర్జీ ఎలా రాయాలో తెలియక, పక్కవాళ్లను బతిమాలుతూ నిలబడ్డవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ హాల్లో లాయర్లున్నారు, టీచర్లున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు, లా చదువుతున్న పిల్లలున్నారు. మీకు ఆఫీసు భాష తెలుసు, సెక్షన్లు తెలుసు, గుమస్తా ముందు గొంతు వణకదు. నెలలో ఒక్క సోమవారం ఇవ్వండి. అర్జీ రాసిపెట్టండి, కిటికీ దాకా తోడు వెళ్లండి, రసీదు వచ్చేదాకా పక్కన నిలబడండి, గడువు తేదీని వాళ్ల చేతే చదివించండి. గడువు దాటితే ఎక్కడికి పోవాలో ఆ రసీదు వెనకే రాసివ్వండి. రెండోసారి వాళ్లు మీరు లేకుండానే వెళ్తారు. మూడోసారి పక్కింటి మనిషిని వెంటబెట్టుకుని వెళ్తారు. బస్తీలో హక్కు అలాగే పాకుతుంది.

శంకరన్ గారు ఉద్యోగంలో ఉండి ఈ పని చేశారు, ఉద్యోగం దిగిపోయాకా చేశారు. ఆయనను గౌరవించేవాళ్లం మనం ఈ నగరానికి ఒక నియమం పెట్టుకుందాం: అర్జీతో వచ్చిన ఏ మనిషీ వట్టి చేతులతో కిటికీ దగ్గర నుంచి తిరిగి వెళ్లకూడదు. వచ్చే సోమవారం నుంచే మొదలుపెడదాం.